ఫోను వినేది ఎవులు? ఆళ్లని అడిగేది ఎవులు?

2023 డిసెంబర్ 3న తెలంగాణ ఎన్నికల ఫలితాలొచ్చాయి. ప్రభుత్వం మారిపోతోందని ఆ రోజే తేలిపోయింది. మర్నాడు రాత్రి హైదరాబాద్‌లో ఎస్‌ఐబీ ఆఫీసులో సీసీ కెమెరాలు ఆపీసి, హార్డ్ డిస్కులు పీకీసి, ముక్కలు చేసి మూసీ నదిలో పడీశారని కేసు. ఈ కేసు పెట్టింది ప్రతిపక్షం కాదు, పోలీసులే. ఆ ఆఫీసులోనే పనిచేసే ఒక అదనపు ఎస్పీ ఫిర్యాదు మీద 2024 మార్చి 10న పంజాగుట్ట స్టేషన్లో నమోదైంది. డీఎస్పీ ప్రణీత్ రావు అరెస్టయ్యారు, ఆ వెనక ఇద్దరు అదనపు ఎస్పీలు, ఒక మాజీ డీసీపీ. ఎస్‌ఐబీ మాజీ చీఫ్ ప్రభాకర్ రావు మొదటి నిందితుడు. ఏడాదికి పైగా అమెరికాలో ఉండి 2025 జూన్‌లో తిరిగొచ్చారు. ఆళ్లు చేశారో లేదో కోర్టు తేల్చాలి, అందాకా అందరూ నిందితులే.

ఇదంతా హైదరాబాద్ గోల కద, కాశీబుగ్గ బస్టాండులో టీ తాగేవోడికి ఏటి పని అనుకోవచ్చు. పని ఉంది. ఎస్‌ఐబీ అంటే మావోయిస్టుల మీద నిఘాకి పెట్టిన విభాగం. దర్యాప్తు బృందం చేస్తున్న ఆరోపణ ఏటంటే, ప్రతిపక్ష నాయకులవీ, ఆళ్ల మనుషులవీ, జర్నలిస్టులవీ వందల ఫోన్ నంబర్లని మావోయిస్టులతో సంబంధం ఉన్నోళ్లవి అని రాసి పైకి పంపారు, పైనుంచి అనుమతి తెచ్చుకున్నారు. అంటే దొంగచాటుగా గోడ దూకలేదు. కాగితం పెట్టారు, సంతకం అయింది, దర్జాగా విన్నారు. ఆ కాగితం మీద రాసిన మాట ఒక్కటే తాళంచెవి.

ఆ మాట మనకి కొత్తా? 1960ల చివర్లో శ్రీకాకుళం పోరాటం లేచిన కాడినుంచీ ఉద్దానం ఊళ్ల మీద ఆ నీడ ఉంది. బొడ్డపాడు అన్న ఊరి పేరు చెబితే చాలు, అడిగేవోడి మొహం మారిపోయేది. తర్వాత సోంపేట బీలలో థర్మల్ ప్లాంటు వద్దన్నోళ్లు, కాకరాపల్లి తంపర భూములు పోతాయన్నోళ్లు రైతులూ, మత్స్యకారులూ, ఆడోళ్లూ. 2010 జులై 14న సోంపేట దగ్గర పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. ఇప్పుడు కార్గో ఎయిర్‌పోర్టుకి భూములియ్యం అంటున్న ఊళ్లున్నాయి. భూమి దగ్గర నిలబడ్డ ప్రతిసారీ "ఈళ్ల వెనకాల ఎవులో ఉన్నారు" అనీవోళ్లు ఉంటారు. అందుకే హైదరాబాద్ కేసులో రాజకీయ నాయకుల పేర్ల కన్నా నాకు ముఖ్యంగా కనిపించింది ఆ ముద్ర. ఒక మనిషి మీద ముద్ర వేసి ఫోను వినడానికి అనుమతి అడిగితే, అది నిజమా అబద్ధమా అని చూసేది ఎవులు?

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. మొన్నమొన్నటి దాకా దీనికి ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, సెక్షన్ 5(2). తెల్లోడు తన అవసరానికి రాసుకున్నది. ప్రజా అత్యవసర పరిస్థితి గానీ, ప్రజల భద్రత గానీ ఉంటే, దేశ సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహం, శాంతిభద్రతలు, నేరానికి ఉసిగొల్పకుండా ఆపడం, ఈ కారణాల్లో ఒకటి చూపించి సందేశాల్ని మధ్యలో పట్టుకోవచ్చు. ఇప్పుడు దాని స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అందులో సెక్షన్ 20 కింద ఈ అధికారం 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది, దాని నిబంధనలు 2024 డిసెంబర్‌లో వచ్చాయి. పేరు మారింది, కారణాల జాబితా దాదాపు అదే. కంప్యూటర్లూ ఇంటర్నెట్టూ అయితే ఐటీ చట్టం సెక్షన్ 69 ఉంది. 2018 డిసెంబర్ 20న కేంద్ర హోం శాఖ పది సంస్థల పేర్లు రాసి, దేశంలో ఏ కంప్యూటర్లో సమాచారమైనా పట్టుకోడానికీ చూడ్డానికీ ఆటికి అధికారం ఉందని ఉత్తర్వు ఇచ్చింది.

ఆర్డరు వేసేది ఎవులు? కేంద్రంలో అయితే కేంద్ర హోం కార్యదర్శి. రాష్ట్రంలో అయితే రాష్ట్ర హోం కార్యదర్శి. మరీ తొందరైతే ఐజీ స్థాయి పోలీసు అధికారి ముందే మొదలెట్టీయొచ్చు, తర్వాత ఏడు పనిదినాల్లో హోం కార్యదర్శి దాన్ని ఖాయం చెయ్యాలి, లేకపోతే ఆపీయాలి. ఒక ఆర్డరు 60 రోజులు నడుస్తుంది, పొడిగిస్తే 180 రోజులు దాటకూడదు. ఆర్డరు సరైనదా కాదా అని చూడ్డానికి సమీక్షా కమిటీ ఉంటుంది. రాష్ట్రంలో దానికి పెద్ద ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి, పక్కన న్యాయశాఖ కార్యదర్శి, ఇంకో కార్యదర్శి. రెండు నెలలకోసారి కూర్చోవాలి.

ఈ వరసలో జడ్జి ఎక్కడన్నా కనిపించాడా? లేడు. అడిగేది పోలీసు, ఒప్పుకునేది హోం కార్యదర్శి, సరిచూసేది ప్రధాన కార్యదర్శి. ముగ్గురికీ జీతం ఇచ్చేది ఒక్క ప్రభుత్వమే, బదిలీ చేసేదీ అదే. మన జీడి తోటకి కాపలావోడూ, లెక్క రాసేవోడూ, తనిఖీకొచ్చేవోడూ ఒకే ఇంటోళ్లయితే గింజలెన్ని పోయాయో ఎవులు చెబుతారు? పైగా ఎవులి ఫోను విన్నారో ఆ మనిషికి ఎప్పటికీ చెప్పరు. విన్నంతసేపూ చెప్పకపోవడంలో అర్థముంది, చెబితే ఇంకెందుకు వినడం. అయిపోయాక కూడా, ఏమీ దొరకలేదని తేలాక కూడా చెప్పరు. ఆర్నెల్లకోసారి ఆ రికార్డుల్ని నాశనం చెయ్యమని నిబంధనే ఉంది. మన గుట్టు బయటికి పోకుండా పెట్టిన నిబంధనే అది. కానీ తప్పు చేసినోడి ఆనవాలు కూడా దాంతోపాటే పోతుంది.

కమిటీ ఉంది కద అంటారు. ఒకపాలి లెక్క వేద్దాం. కేంద్ర హోం శాఖ సమాచార హక్కు కింద ఇచ్చిన జవాబు ప్రకారం ఒక్క కేంద్ర ప్రభుత్వమే నెలకి సుమారు 7,500 నుంచి 9,000 దాకా ఫోన్ ట్యాపింగ్ ఆర్డర్లు వేసేది. ఇది పదేళ్లు దాటిన మాట, రాష్ట్రాలవి ఇందులో లేవు. నెలకి 9,000 అంటే ఆదివారాలూ పండగలూ లేకుండా రోజుకి 300. హోం కార్యదర్శి రోజుకి ఎనిమిది గంటలు ఇంకే పనీ పెట్టుకోకుండా కూర్చున్నా, ఒక్కో ఆర్డరుకి ఒకటిన్నర నిమిషం. ఆ ఒకటిన్నర నిమిషంలో ఆ నంబరు ఎవులిదో, ఆరోపణ నిజమో కాదో, వేరే దారి ఉందో లేదో చూడాలి. 2018లో డేటా రక్షణ మీద నివేదిక ఇచ్చిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీయే చెప్పింది, సమీక్షా కమిటీ ముందు ఒక్కో సమావేశానికి 15,000 నుంచి 18,000 ఆర్డర్లు ఉంటున్నాయని, అది అయ్యే పని కాదని. రేషన్ కార్డు దరఖాస్తుని కూడా ఇంతకన్నా ఎక్కువసేపు చూస్తారు.

ఇక్కడో మాట చెప్పాలి. ఇది ఒక పార్టీ గొడవ కాదు. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఫోన్ ట్యాపింగ్ గొడవలోనే రాజీనామా చేశారు. 2015 జూన్‌లో ఓటుకు నోటు కేసప్పుడు మా ఫోన్లు తెలంగాణ వింటోందని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గోలెత్తింది. 2022లో అదే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ, అంతకుముందున్న ప్రభుత్వం జనం సమాచారాన్ని ఏం చేసిందో చూడమని సభా సంఘం వేసింది. 2023 మొదట్లో నెల్లూరు రూరల్ ఎమ్మెల్యే కోటంరెడ్డి శ్రీధర్ రెడ్డి, అప్పటికి అధికార పార్టీ మనిషి, నా ఫోను మావోళ్లే వింటున్నారన్నారు. ప్రభుత్వం కాదంది. ప్రతి ఐదేళ్లకీ ఫిర్యాదు చేసేవోడు మారుతున్నాడు, చట్టం మాత్రం ఎవులూ మార్చడం లేదు. ఎందుకు మారుస్తారు? కుర్చీలో ఉన్నోడికి అది చేతిలో సాధనం. దిగినోడు మళ్లీ ఎక్కుతానన్న ఆశతో ఉంటాడు.

అయితే కోర్టులేం చేశాయి? రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్ మీద సీబీఐ నివేదిక ఒకటి 1991లో బయటికొచ్చాక పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1996 డిసెంబర్ 18న తీర్పొచ్చింది. ఇంట్లోనో ఆఫీసులోనో ఒకడు ఫోన్లో మాట్లాడుకోవడం ఆడి జీవించే హక్కులో భాగమే, అడ్డగోలుగా వినకూడదు అంది. హోం కార్యదర్శి ఆర్డరు, రెండు నెలల గడువు, సమీక్షా కమిటీ, ఇవన్నీ ఆ తీర్పు పెట్టినవే. అదీ లేకపోతే ఇంకా ఘోరంగా ఉండేది, నిజమే. కానీ జడ్జి అనుమతి కావాలన్న పిటిషనర్ల మాటని మాత్రం కోర్టు ఒప్పుకోలేదు, చట్టంలో అలాటి ఏర్పాటు లేనప్పుడు మేం పెట్టలేం, నిబంధనలు చెయ్యాల్సింది కేంద్ర ప్రభుత్వం అంది. ఆ ఏర్పాటు పార్లమెంటు ఇప్పటికీ చట్టంలో పెట్టలేదు. 2023లో కొత్త చట్టం రాసుకునే అవకాశం వచ్చింది, అప్పుడూ పెట్టలేదు.

దానికన్నా పాత కథ ఒకటుంది, మన తెలుగోడిది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషి మీద పోలీసులు హిస్టరీ షీట్ తెరిచి, రాత్రిళ్లు ఇంటికెళ్లి తలుపు కొట్టి ఉన్నాడా లేడా అని చూసేవోళ్లు. మన పెద్దోళ్లకి ఈ రాత్రి తలుపు తట్టడం గురించి నేను చెప్పక్కర్లేదు. ఆ కేసులో సుప్రీంకోర్టు 1962లో తీర్పిచ్చింది. రాత్రిపూట ఇంటిమీదికి పోవడం తప్పంది గానీ, గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదంది. ఆ బెంచిలో రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు ఉన్నారు. ఆయన ఒప్పుకోలేదు. వెనకాల ఎవులో చూస్తన్నారని తెలిసిన మనిషి స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కనబడొచ్చు గానీ స్వేచ్ఛగా లేనట్టే, గోప్యత స్వేచ్ఛలో భాగం అన్న అర్థంలో వేరే తీర్పు రాశారు. యాభై అయిదేళ్లు అది మైనారిటీ తీర్పుగానే పుస్తకాల్లో ఉండిపోయింది.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావు గారి మాటే సరైనదని ఒప్పుకున్నారు. ఆ కేసు వేసినాయన జస్టిస్ పుట్టస్వామి, కర్ణాటక హైకోర్టు రిటైర్డ్ జడ్జి. మనోళ్లకి ఆయన పేరు ఇంకోలా తెలుసు: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కమిషన్‌కి చైర్మన్‌గా పనిచేశారు, అదే పుట్టస్వామి కమిషన్. ఎనభయ్యారేళ్ల వయసులో ఆధార్ మీద కేసు వేశారు. ఆ తీర్పు ప్రకారం ప్రభుత్వం మన గుట్టులోకి రావాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి తగినంతే చొరబడాలి, దుర్వినియోగం కాకుండా కాపలా ఉండాలి. నెలకి 9,000 ఆర్డర్లు, జడ్జి లేని కమిటీ, ఎప్పటికీ చెప్పని పద్ధతి ఆ చివరి షరతుకి నిలుస్తాయా? నిలవవనే నా అభిప్రాయం.

మాట వినడం ఒక్కటే నిఘా కాదు. మన ఊళ్లలో చాలామందికి తెలియని సంగతి కాల్ రికార్డు. అందులో మాటలుండవు. ఎవులికి చేశావు, ఎన్నింటికి, ఎంతసేపు, ఏ టవర్ కింద నించున్నావు, అంతే ఉంటుంది. కంపెనీలు దీన్ని రెండేళ్లు దాచాలని 2021 డిసెంబర్‌లో కేంద్రం లైసెన్సు షరతు మార్చింది. దీనికి హోం కార్యదర్శి దాకా కూడా వెళ్లక్కర్లేదు, ఎస్పీ స్థాయిలో అడిగితే కంపెనీ ఇచ్చీస్తుంది. వజ్రపుకొత్తూరు మండలంలో ఒకామె అనుకోండి. వారానికి రెండు రోజులు పొద్దున్నే పలాస టవర్ కింద నాలుగేసి గంటలుంటే డయాలసిస్‌కి వచ్చిందని తెలిసిపోతుంది. రాత్రి గుజరాత్ నంబరుతో మాట్లాడితే పెనిమిటి వెరావల్‌లో వేటకెళ్లాడని తెలుస్తుంది. భూముల మీటింగు రోజున మీటింగు జరిగిన ఊరి టవర్ కింద ఉందీ, ఆ సాయంత్రం వకీలుకి ఫోన్ చేసిందీ అంటే ఇంకేటి మిగిలింది? ఆమె నోటి మాట ఒక్కటీ వినకుండానే ఆమె రోగం, ఇల్లు, పోరాటం మూడూ కాగితం మీదికొచ్చాయి.

వాట్సాప్ వినలేరు కద అంటారు కుర్రాళ్లు. దారిలో వినడం కష్టమే, రెండు ఫోన్ల మధ్య అది తాళం వేసుకుని పోతుంది. కానీ ఫోను లోపలికే దొంగ దూరితే తాళానికి పనేటి? 2021లో బయటపడ్డ పెగాసస్ అలాటిదే. అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ బెంచి ఆ ఏడాది అక్టోబర్ 27న కమిటీ వేసింది. జాతీయ భద్రత అన్న మాట అనగానే కోర్టు చూపు తిప్పుకోదు అని ప్రభుత్వానికి చెప్పింది. కమిటీ 29 ఫోన్లు చూసి, అయిదింట్లో ఏదో చెడ్డ సాఫ్ట్‌వేర్ ఉందంది, అది పెగాససే అని తేల్చలేకపోయింది. ప్రభుత్వం సహకరించలేదని కూడా కమిటీ చెప్పినట్టు కోర్టే వెల్లడించింది. ఇక మామూలోడి ఫోనుకి అంత ఖర్చు దేనికి, రోడ్డు మీద ఆపి "తియ్యు, చూపించు" అంటే సరిపోతుంది. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో గంజాయి వెతుకులాటలో బళ్లాపి కుర్రాళ్ల వాట్సాప్‌లో "గంజాయి" అని టైపు కొట్టి వెతికారు, వీడియోలు అందరూ చూశారు.

"నాకేటి దాపరికం ఉంది, వింటే విననీ" అనీ మాట మన ఊళ్లలో తరచూ వినబడుతుంది. దాపరికం వేరు, గుట్టు వేరు. పిల్లకి సంబంధం చూస్తున్నప్పుడు రోగం సంగతి ఊరంతా చెప్పుకోం, అది నేరమా? ఉద్దానంలో కిడ్నీ రిపోర్టులో క్రియాటినిన్ ఎంతుందో చెబితే కొన్ని ఇళ్లలో పెళ్లే ఆగిపోద్ది. ఇంకోటి, వినేవోడు రోజూ వినక్కర్లేదు. వింటారేమోనన్న అనుమానం చాలు. మీటింగుకి రమ్మంటే "నా ఫోనుకి చెయ్యకు బావా, ఊళ్లో మనిషితో కబురెట్టు" అనీవోళ్లు నాకు తెలుసు. ఆళ్లు ఏ నేరమూ చెయ్యలేదు. సర్వే రాళ్లు ఎప్పుడు పాతుతారో కనుక్కోవాలనుకున్నారు, అంతే.

అలాగని అసలు ఎవులి ఫోనూ వినకూడదు అనడం లేదు. మన పక్క నుంచే గంజాయి లారీలు పోతున్నాయి, పిల్లల్ని అమ్మీవోళ్లున్నారు, డిజిటల్ అరెస్ట్ పేరు చెప్పి ముసలోళ్ల పింఛను డబ్బులు ఊడ్చీవోళ్లున్నారు. ఆళ్లని పట్టాలంటే వినాలి. వినండి, కానీ జడ్జి ముందు కాగితం పెట్టి వినండి. అమెరికాలో నేరాల దర్యాప్తుకి ఫోను వినాలంటే 1968 నుంచీ జడ్జి ఆర్డరు కావాలి, అయిపోయాక మామూలుగా 90 రోజుల్లోపు ఆ మనిషికి చెప్పాలి, ఏడాదికి ఎన్ని ఆర్డర్లు అయ్యాయో లెక్క అచ్చు వేస్తారు. ఆళ్లేం సత్యహరిశ్చంద్రులు కారు, విదేశీ నిఘా పేరు మీద ఎంత విన్నారో 2013లో స్నోడెన్ బయటపెట్టాడు. అయినా ఆ మూడూ ఉండబట్టి తప్పు పట్టుకోడానికి ఒక కొక్కెం ఉంది. మనకి ఆ కొక్కెం లేదు. హైదరాబాద్ కేసు కూడా చట్టం పట్టుకున్నది కాదు, ప్రభుత్వం మారింది కాబట్టి బయటపడింది. మారకపోయుంటే ఆ డిస్కులు ఇంకా తిరుగుతూనే ఉండేవి.

ఉత్తరాల సంగతీ అంతే. 1986లో పోస్టల్ సవరణ బిల్లు ఉత్తరాలు విప్పే అధికారాన్ని ఇంకా పెంచబోతే రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం పెట్టకుండా పక్కన పడేశారు, అది చివరికి మూలపడింది. 2023లో కొత్త పోస్టాఫీసు చట్టం సెక్షన్ 9 అదే పోలికలో వచ్చింది, పెద్దగా ఎవులూ మాట్లాడలేదు.

ఇప్పుడు మనం చెయ్యగలిగింది ఒకటుంది. నా ఫోను విన్నారా అని అడిగితే జవాబు రాదు. లెక్క అడగొచ్చు. కేంద్రం లెక్క బయటికొచ్చింది సమాచార హక్కు దరఖాస్తు వల్లే. తర్వాత అడిగినోళ్లకి అలాటి లెక్కలు మేం పెట్టుకోవడం లేదన్న జవాబొచ్చింది, అందుకే అడగడం మానకూడదు. నిఘా సంస్థల్ని సెక్షన్ 24 కింద చట్టం పక్కన పెట్టనిస్తుంది, కానీ ఆర్డరు వేసేది హోం శాఖ. వెలగపూడి సచివాలయం, హోం శాఖ సమాచార అధికారికి పది రూపాయల ఫీజుతో కాగితం పెట్టండి, తెల్ల రేషన్ కార్డుంటే ఆ ఫీజూ లేదు. పేర్లడగొద్దు, నంబర్లడగొద్దు. గత మూడేళ్లలో ఏడాదికెన్ని ఫోన్ ట్యాపింగ్ ఆర్డర్లు వేశారు? సమీక్షా కమిటీ ఏ ఏ తేదీల్లో కూర్చుంది? కూర్చున్నప్పుడు ఎన్ని ఆర్డర్లు తప్పని కొట్టీసింది? 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే శాఖలో మొదటి అప్పీలు. టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం నుంచి వేరు వేరు చేతిరాతల్లో వెళ్తే మంచిది. వచ్చిన జవాబు ఏదైనా, ఇవ్వం అన్నదైనా సరే, ఫొటో తీసి పంపండి, ఇక్కడే వేద్దాం.